వర్గమును పూరించుట

ఇంటరు తరగతిలో క్రొత్తగా చేరిన విద్యార్థులను ప్రతి సంవత్సరము నేనొక ప్రశ్న అడుగుచుందును. వర్గ సమీకరణమును సాధించు సూత్రము చెప్పుడనగానే అందరును ఏకకంఠముతో చెప్పుదురు. అది ఎట్లు వచ్చినదని అడిగినచో తరగతి అంతయు నిశ్శబ్దమగును. పరీక్షనాడు సూత్రము మరచినచో వీరికి మార్గము లేదు. సూత్రము పుట్టక పూర్వమే ఇట్టి లెక్కలను సోపాన క్రమమున సాధించినవారు కలరు. వారి మార్గమును చూతము.

ముందుగా 'వర్గము' అను మాటను గమనింపుడు. క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు సమచతురస్రమునకును, రెండు సమాన రాశుల లబ్ధమునకును ఈ పేరే వాడెను. బీజగణితమును, రేఖాగణితమును ఈ ఒక్క మాటలో కలిసియున్నవి.

క్రీ. పూ. 1800 ప్రాంతమున బాబిలోనియాలో వ్రాసిన మట్టిపలక యొకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియమున కలదు. అందలి మొదటి లెక్క ఇది: చతురస్ర వైశాల్యమునకు దాని భుజమును కలుపగా 3/4 వచ్చినది, భుజమెంత? లేఖకుడు చూపిన సోపానములివి: 1 లో సగము 1/2. దాని వర్గము 1/4. దానిని 3/4 కు కలుపగా 1. దాని వర్గమూలము 1. అందుండి 1/2 తీసివేయగా భుజము 1/2. ఏమి చేయవలెనో పలక చెప్పినది గాని, ఎందుకు చేయవలెనో చెప్పలేదు.

ఆ కారణమును పటముతో చూపినవాడు క్రీ. శ. 820 ప్రాంతమున బాగ్దాదులో నుండిన అల్ ఖ్వారిజ్మీ. ఆయన గ్రంథనామములోని 'అల్ జబ్ర్' అను మాటనుండియే ఆల్జీబ్రా అను పేరు వచ్చినది. ఆయన లెక్కను మన గుర్తులలో వ్రాసినచో య² + 10య = 39. కాగితముపై గీచి చూడుడు.

య భుజముగా ఒక చతురస్రము గీయుడు. 10 లో సగము 5 గనుక, ప్రక్కప్రక్కనున్న రెండు భుజములపై 5 వెడల్పుగల దీర్ఘచతురస్రములను చేర్చుడు. ఈ మూడింటి వైశాల్యము 39. ఇప్పుడు ఒక మూల ఖాళీగా నున్నది. అది 5 భుజముగల చతురస్రము, వైశాల్యము 25. దానిని నింపినచో పెద్ద చతురస్రము పూర్తియగును. 39 + 25 = 64; భుజము 8. అందుండి 5 తీసివేయగా య = 3. సగము వర్గమును ఎందుకు కలుపవలెనో ఇప్పుడు బోధపడినది గదా!

య² కు గుణకమున్నచో భిన్నములు వచ్చి చిక్కు కలిగించును. దీనికి మన శ్రీధరుడు ఉపాయము చెప్పెను. ఆయన బీజగణిత గ్రంథము లభింపలేదు గాని, 1150 లో భాస్కరుడు తన బీజగణితమున ఈ నియమమును ఉదాహరించెను. 3య² + 5య = 2 అనుకొనుడు. 3 కు నాలుగు రెట్లైన 12 తో ఇరుప్రక్కల గుణింపుడు: 36య² + 60య = 24. 5 యొక్క వర్గమును కలుపుడు: (6య + 5)² = 49. కావున 6య + 5 = 7, లేక -7; య = 1/3, లేక -2. మీరు వల్లించు సూత్రములోని 4 ఈ సోపానముదే.

రెండు మూలములు వచ్చినపుడు లెక్క ముగిసినట్లు కాదు. భాస్కరుని కోతుల లెక్కను చూడుడు. మందలో అయిదవ వంతునుండి మూడు తగ్గించి, మిగిలినదానిని వర్గము చేయగా వచ్చినన్ని కోతులు గుహలో చేరినవి. ఒక్కటి మాత్రము వెలుపల కనబడినది. మంద ఎంత? సమీకరణము 50 అనియు, 5 అనియు చెప్పును. కాని 5 లో అయిదవ వంతు 1. అందుండి మూడు కోతులను ఎట్లు తీయుదుము? అది పొసగదని భాస్కరుడు 50 నే గ్రహించెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. సూత్రము వ్రాయించుటకు ముందు ఒక్క దినము ఈ పటమును విద్యార్థులచే గీయించి, ఖాళీ మూలను వారిచేతనే నింపింపుడు. సూత్రము మరచిన విద్యార్థి మరల ఆ మూలనుండియే దానిని రాబట్టుకొనగలడు.