పేరంటాలు నుంచి వంటలక్క దాకా

సీరియల్లో ఆడమనిషి చనిపోతే ఏం జరుగుతుందో మనందరికీ కంఠతా వచ్చు. ముందు ఉరుము లాంటి చప్పుడు. తర్వాత ఇంట్లోవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే దగ్గరగా. ఎక్కడో కుంకుమ భరిణె జారిపడుతుంది. మర్నాటికి గోడ మీద ఫొటో, దానికో దండ. ఇంకో వారానికి ఆ ఇంటాయన రెండో పెళ్ళి మాటలు. ఆవిడ పోయాక పొయ్యి ఎవరు వెలిగించారో, పిల్లకి జడ ఎవరు వేశారో మాత్రం చూపించరు.

ఇదంతా టీవీతోనే వచ్చింది అనుకుంటాం గానీ, మన కొల్లేటి ప్రాంతంలో ఈ కథలకి చాలా పాత చుట్టాలున్నాయండీ.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి ఫాల్గుణంలో జాతరకి వెళ్ళనివాళ్ళు ఏలూరు చుట్టుపక్కల తక్కువ. ఆ కోట గురించి ఒక కథ చెబుతారు. గజపతుల దండనాయకుడు అక్కడ కోటలో ఉన్నాడట. చుట్టూ కొల్లేరు. శత్రువుల సైన్యం చిగురుకోట దగ్గర దిగింది గానీ నీళ్ళు దాటి రాలేకపోయింది. అప్పుడు వాళ్ళు సరస్సు నీరు సముద్రంలోకి దిగిపోయేలా, ఇప్పటి ఉప్పుటేరు ఉన్న వైపు కాలువ తవ్వడం మొదలుపెట్టారు. నీరు పోతే కోట పోతుంది. దేవతల్ని శాంతపరచడానికి దండనాయకుడు తన కూతుర్నే బలి ఇచ్చాడు. ఆ కాలువకి పేరంటాల కనుమ అని పేరొచ్చింది.

నేను విన్న కథలో దండనాయకుడి భయం ఉంది, సైన్యం ఉంది, కాలువ ఉంది. ఆ పిల్లకి మాత్రం పేరు లేదు. వెళ్ళనని ఏడ్చిందో, తల్లి అడ్డం పడిందో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల పోవడం వల్ల కథకి ఏం ఒరిగిందన్నదే లెక్క.

పేరంటాలు అన్న మాట చూడండి. శ్రావణమాసంలో మనింటికొచ్చి పసుపు కుంకుమ, శనగలు పుచ్చుకెళ్ళేది పేరంటాలే. పసుపు కుంకుమలతో ప్రాణం విడిచి దేవతైందని ఊరి చివర చెట్టు కింద పూజలందుకునేదీ పేరంటాలే. బతికున్నావిడకీ పోయినావిడకీ ఒకటే మాట పెట్టుకున్నాం.

తాడేపల్లిగూడెం మా పుట్టిల్లు. అక్కణ్ణించి పెనుగొండ ఎంతో దూరం కాదు. రాజు బలవంతంగా పెళ్ళాడతానంటే ఒప్పుకోక, 102 గోత్రాల వాళ్ళతో కలిసి అగ్నిప్రవేశం చేసిన వాసవీ కన్యక కథ ఆ ఊరిదే. ఇక్కడ పిల్లకి పేరుంది, నోరుంది, వద్దనే ధైర్యముంది. అయినా ఆ వద్దన్న మాట చెల్లడానికి నిప్పుల్లోకి దిగాల్సొచ్చింది. గురజాడ అప్పారావుగారు ఈ కథనే ‘కన్యక’గా రాశారు. ముసలివాడికి కట్టబెట్టిన పూర్ణమ్మ కథా ఆయనే చెప్పారు. అందులో ఆయన ఆ పిల్ల చావుని పుణ్యం చెయ్యలేదు. చదివినవాళ్ళకి తండ్రి మీద కోపం రావాలి. అప్పటిదాకా దణ్ణం పెట్టించుకున్న చావు, మొదటిసారి మనల్ని నిలదీసింది.

తర్వాత సినిమాలు. 1964లో వచ్చిన ‘మూగమనసులు’లో రాధ, గోపి గోదావరిలో కలిసిపోతారు. వాళ్ళ కథ చెప్పడానికి మిగిలింది ముసలిదైపోయిన గౌరి. పోయినవాళ్ళని మోసేవాళ్ళు ఒకరుంటారని ఆ సినిమా గుర్తుపెట్టుకుంది. 1968లో కె. విశ్వనాథ్ గారి ‘ఉండమ్మా బొట్టు పెడతా’. ఇంటికొచ్చిన లక్ష్మీదేవిని, బొట్టు పెడతాను, నేనొచ్చేదాకా ఉండమ్మా అని కోడలు మాట తీసుకుంటుంది. తను తిరిగి వెళ్ళకపోతే లక్ష్మి ఇల్లు విడిచి పోదు కదా అని ప్రాణమే వదిలేస్తుంది. ఈ సినిమా తల్చుకుంటే మా అమ్మ ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది. నాకు మాత్రం ఒకటే అనిపిస్తుంది. ఆ ఇంట్లో లక్ష్మి అప్పటిదాకా లేదా? తెల్లారుజామున లేచి ముగ్గేసింది ఎవరు?

మా అత్తగారు పోయినప్పుడు ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. పదకొండో రోజు దాటి చుట్టాలు వెళ్ళిపోయాక, పాలబ్బాయి లెక్క ఎక్కడ రాసుందో ఎవరికీ తెలియలేదు. ఏ జాడీలో ఏ ఏటి ఆవకాయో తెలియలేదు. కొల్లేటి చేపలు తెచ్చే ఆవిడ గుమ్మంలో కూర్చుని, “అమ్మగారు ఇంక లేరా?” అని బుట్ట దింపకుండానే ఏడ్చింది. మావయ్యగారు కాఫీ వేళకి వంటింటి వైపు చూడటం మానడానికి ఏడాది పట్టింది. చావంటే ఇంట్లో అలా ఉంటుంది, ఒక్క ఎపిసోడ్లో అయిపోదు.

టీవీకి ఆ ఏడాది ఓపిక ఉండదు. 1995లో ఈటీవీ, జెమినీ లాంటి ఛానళ్ళు వచ్చాక వారానికోసారి చూసే సీరియల్ రోజువారీ అయింది. ఏళ్ళ తరబడి రోజూ ఓ మలుపు కావాలి. నటి మానేసినా, కథ ముందుకి దూకాలన్నా, రేటింగ్ పడిపోయినా, చేతికి దొరికే సాధనం చావే. దండనాయకుడికి కాలువ భయం, వీళ్ళకి గురువారం వచ్చే అంకెల భయం.

అలాంటప్పుడే ఒక చిత్రం జరిగింది. 2017లో స్టార్ మాలో మొదలైన ‘కార్తీక దీపం’ మీకు చెప్పక్కర్లేదు. మొగుడు అనుమానించి వదిలేస్తే వంటలు చేసి బిడ్డని పెంచుకున్న దీప, ప్రేమీ విశ్వనాథ్ వేసిన వంటలక్క. 2022లో ఆ దీపనీ డాక్టర్ బాబునీ కారు ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్ళని చేసి కథ నడిపారు. మా పక్కింటి అమ్మాయి, “వంటలక్కే లేకపోతే ఏడున్నరకి టీవీ ఎందుకు పిన్నిగారూ?” అంది. చాలా ఇళ్ళలో అదే మాట. కొన్ని నెలలకే ఇద్దర్నీ బతికించి తీసుకొచ్చారు. 1500 పైన ఎపిసోడ్లు నడిచి 2023 జనవరిలో అది ముగిసింది.

చచ్చినవాళ్ళు లేచి రావడం సీరియళ్ళకి కొత్త కాదు. హిందీలో 2000లో మొదలైన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో మిహిర్‌ని చంపితే జనం గోలపెట్టి తిరిగి తెప్పించుకున్నారు. వంటలక్క రాక చూసి నవ్వినవాళ్ళున్నారు, కోమా ఏంటి, గతం మర్చిపోవడం ఏంటి అని. నవ్వొచ్చే మాటే. కానీ నేను ఇంకోలా చూస్తున్నాను. పేరంటాల కనుమ కథ విన్నవాళ్ళు దణ్ణం పెట్టారు. బొట్టు పెడతానన్న కోడల్ని చూసినవాళ్ళు కన్నీళ్ళు పెట్టారు. వంటలక్కని చూసినవాళ్ళు మాత్రం దండేసిన ఫొటో మాకొద్దు, మనిషి కావాలన్నారు. ఎందుకంటే అన్నేళ్ళు ఆవిడ పొయ్యి దగ్గర నిలబడటం, చెమట తుడుచుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం చూశారు. పనిచేస్తుండగా చూసిన మనిషిని పోగొట్టుకోవడం కష్టం.

ఈసారి మీ ఊరి పేరంటాలమ్మకి పసుపు కుంకుమ పెట్టడానికి వెళ్తే, అక్కడున్న పెద్దావిణ్ణి ఆ తల్లి అసలు పేరేంటని అడగండి. ఎలా పోయిందో అందరూ చెబుతారు. ఎలా బతికేదో కూడా అడగండి.