అయోవా కాకస్

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రెండు ప్రధాన పార్టీల అభ్యర్థులను ఎంపిక చేసే క్రమంలో దాదాపు యాభై ఏళ్ల పాటు మొట్టమొదటి తీర్పు వెలువడింది అయోవా రాష్ట్రం నుంచే. ఎన్నికల ఏడాది మొదట్లో, ఎముకలు కొరికే చలికాలపు రాత్రి, ఆ రాష్ట్రంలోని పార్టీ మద్దతుదారులు ఒకే వేళకు బడుల్లో, చర్చిల్లో, గ్రంథాలయాల్లో, చిన్న పల్లెల్లోనైతే ఎవరో ఒకరి ఇంటి ముందుగదిలో కూడతారు. అధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో అక్కడ తేలుస్తారు. ఈ సమావేశాలనే కాకస్‌లు అంటారు.

మన దగ్గర పార్టీ అధిష్ఠానం బీ-ఫారం చేతిలో పెడితేనే అభ్యర్థి. అమెరికాలో ఆ నిర్ణయం పార్టీ మద్దతుదారులది. చాలా రాష్ట్రాల్లో దీనికి ప్రైమరీ జరుగుతుంది. అది ప్రభుత్వం నిర్వహించే మామూలు పోలింగ్ లాంటిదే, వెళ్లి ఓటు వేసి వచ్చేయవచ్చు. కాకస్ అలా కాదు. దాన్ని పార్టీయే నడుపుతుంది. నిర్ణీత వేళకు వెళ్లాలి, గంటో రెండు గంటలో కూర్చోవాలి, ఇరుగుపొరుగు వాదనలు వినాలి. రాష్ట్ర స్థాయి సమావేశానికి ప్రతినిధులను పంపే మెట్ల వరుసలో ఇది మొదటి మెట్టు మాత్రమే. ఊళ్లో జరిగే సమావేశం కౌంటీ సమావేశానికి డెలిగేట్లను ఎన్నుకుంటుంది. అక్కడి నుంచి కాంగ్రెస్ నియోజకవర్గానికి, ఆపైన రాష్ట్రానికి, చివరికి పార్టీ జాతీయ మహాసభకు ఈ ఎంపిక సాగుతుంది.

అయోవా 99 కౌంటీల రాష్ట్రం. జనాభా సుమారు 32 లక్షలు. మొక్కజొన్న, సోయాచిక్కుడు, పందుల పెంపకం దాని బతుకుతెరువు. రాజధాని డిమోయిన్. ప్రపంచ ఆహార బహుమతి కేంద్రం ఉన్నది ఈ నగరంలోనే. 2005లో ఆ బహుమతి బాపట్లలో పుట్టిన మత్స్య శాస్త్రవేత్త మోదడుగు విజయ్ గుప్తాకు దక్కింది. 2020లో డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిని తేల్చే 3,979 మంది డెలిగేట్లలో అయోవా వాటా 41. నూటికి ఒకటి. అంత చిన్న వాటా కోసం అభ్యర్థులు ఏడాదికి పైగా అక్కడే ఎందుకు తిరుగుతారన్న ప్రశ్నకు జవాబు ఆ రాష్ట్ర బలంలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది.

పాత పద్ధతి

1846లో రాష్ట్రంగా ఏర్పడిన నాటి నుంచీ అయోవాలో కాకస్‌లు ఉన్నాయి. 1916లో ఒకసారి వీటికి బదులు ప్రైమరీ పెట్టి చూశారు. ఖర్చు ఎక్కువైంది, వచ్చిన ఓటర్లు తక్కువ. మరుసటి ఏడాదే ఆ చట్టాన్ని రద్దు చేసి పాత దారికి మళ్లారు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు రాష్ట్రం బయట వీటిని పట్టించుకున్నవారు లేరు.

1972: అనుకోకుండా వచ్చిన తొలి స్థానం

1968 ఆగస్టులో షికాగోలో డెమొక్రాట్ల జాతీయ మహాసభ జరిగింది. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ వీధుల్లోకి వచ్చిన యువకులపై పోలీసుల లాఠీలు విరిగాయి. లోపల, ఒక్క ప్రైమరీలోనూ పోటీచేయని హ్యూబర్ట్ హంఫ్రీని పార్టీ పెద్దలు అభ్యర్థిని చేశారు. ఆ కోపం చల్లార్చడానికి వేసిన సంఘానికి సెనేటర్ జార్జ్ మెక్‌గవర్న్, ఆయన తర్వాత డొనాల్డ్ ఫ్రేజర్ అధ్యక్షత వహించారు. అభ్యర్థి ఎంపిక తలుపులు సామాన్య సభ్యులకు తెరవాలని, ప్రతి సమావేశానికీ ముందుగా నోటీసు ఇవ్వాలని ఆ సంఘం నిర్దేశించింది.

అయోవా డెమొక్రాట్లు ఈ నిబంధనలను అమలు చేయబోతే చిక్కంతా కాలెండర్ దగ్గర వచ్చింది. నాలుగు అంచెల సమావేశాలు, ఒక్కో అంచెకూ మధ్య నెల రోజుల ఎడం, ప్రతి అంచెకూ కాగితాలు సిద్ధం చేయడానికి పార్టీ ఆఫీసులో ఉన్నది నెమ్మదిగా నడిచే పాత సైక్లోస్టైల్ యంత్రం. రాష్ట్ర మహాసభ జరపాలనుకున్న రోజుల్లో డిమోయిన్‌లో చాలినన్ని హోటల్ గదులు దొరకలేదని, అందుకే దాన్ని మే నెలకు జరిపారని అక్కడి పార్టీవారు చెబుతారు. చివరి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వస్తే మొదటి అంచె 1972 జనవరి 24న తేలింది. అప్పటిదాకా అన్నిటికంటే ముందు జరిగే న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ కంటే అది ముందు. దేశానికి దారి చూపాలని ఎవరూ ఈ తేదీ పెట్టలేదు.

ఆ రాత్రి ముందంజలో ఉన్న సెనేటర్ ఎడ్మండ్ మస్కీకి 35.5 శాతం వచ్చింది. ఎవరికీ కట్టుబడని వర్గానికి అంతకంటే పిసరంత ఎక్కువ. మెక్‌గవర్న్‌కు 22.6 శాతం. మస్కీ అలవోకగా గెలుస్తాడని అనుకున్న చోట మెక్‌గవర్న్ అంత తెచ్చుకోవడమే న్యూయార్క్ టైమ్స్ విలేకరి జానీ యాపిల్ కంటికి వార్తగా కనిపించింది. ఆయన రాశాడు, మిగతావారు అందుకున్నారు. ఆ ఏడాది పార్టీ అభ్యర్థి మెక్‌గవర్నే. ఎవరు గెలిచారన్నదాని కంటే ఎవరు అంచనాలను మించారన్నది ముఖ్యమయ్యే అయోవా లెక్క అక్కడే మొదలైంది.

దీన్ని అందరికంటే బాగా చదువుకున్నవాడు జిమ్మీ కార్టర్. జార్జియా గవర్నర్‌గా దిగిపోయిన కార్టర్ పేరు దేశంలో చాలామందికి తెలియదు. 1975 ఫిబ్రవరిలో లె మార్స్ అనే చిన్న పట్టణంలో ఒక కౌంటీ ఉద్యోగిని పదవీ విరమణ సభకు హాజరై అయోవాలో అడుగుపెట్టాడు. హోటళ్లకు బదులు మద్దతుదారుల ఇళ్లలో బస చేశాడు, రైతులతో ఒక్కొక్కరితో మాట్లాడాడు. 1976 జనవరి 19న ఎవరికీ కట్టుబడనివారు 37 శాతం, కార్టర్ సుమారు 28 శాతం. నిజానికి అది రెండో స్థానం. కానీ అభ్యర్థుల్లో ఆయనే మొదటివాడు, ఫలితాల వేళ న్యూయార్క్‌లో ఉన్నాడు, తెల్లవారి టీవీ కార్యక్రమాల్లో విజేతగా కనిపించాడు. ఏడాది తిరిగేసరికి శ్వేతసౌధంలో ఉన్నాడు. 1976లోనే రిపబ్లికన్లు కూడా అదే రాత్రికి తమ కాకస్‌లను మార్చుకున్నారు. తర్వాత రాష్ట్ర శాసనసభ ఈ తొలి స్థానాన్ని చట్టంలోకి ఎక్కించింది: అధ్యక్ష అభ్యర్థిని ఎంపిక చేసే మరే ప్రక్రియకైనా కనీసం ఎనిమిది రోజుల ముందు అయోవా కాకస్ జరగాలి.

ఒక గదిలో జరిగేది

2016 వరకు నడిచిన డెమొక్రాట్ల పద్ధతిని ఒక ఊహాజనిత సమావేశంలో చూద్దాం. రాత్రి ఏడింటికి తలుపులు మూశారు. లోపల 80 మంది ఉన్నారు. ఆ గది నుంచి కౌంటీ సమావేశానికి ఆరుగురు డెలిగేట్లు వెళ్లాలి. ఒక్కో అభ్యర్థి మద్దతుదారులు గదిలో ఒక్కో మూలకు చేరి నిలబడతారు. రహస్య ఓటు లేదు. మీ బడి పంతులు, మీ డాక్టరు, మీకు అప్పున్న కిరాణా కొట్టు యజమాని మీరెక్కడ నిలుచున్నారో చూస్తూనే ఉంటారు. లెక్కపెడితే ఒక మూల 27, ఇంకో మూల 23, మరో మూల 21, చివరి మూల 9. కనీసం 15 శాతం, అంటే ఇక్కడ 12 మంది, లేని వర్గానికి మనుగడ లేదు. ఇప్పుడు అసలు రాజకీయం మొదలవుతుంది. ఆ తొమ్మిది మందిని మిగతా మూడు వర్గాలూ చుట్టుముట్టి తమవైపు రమ్మని నచ్చజెబుతాయి. వాళ్లు చెదిరి ముగ్గురు ఒకవైపు, ఒకరు రెండోవైపు, అయిదుగురు మూడోవైపు వెళ్తే లెక్క 30, 24, 26 అవుతుంది. ఆరు స్థానాలను ఆ నిష్పత్తిలో పంచితే 2.25, 1.8, 1.95 వస్తాయి. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే ముగ్గురికీ తలా రెండు. 30 మందిని తెచ్చుకున్నవారికీ 24 మందిని తెచ్చుకున్నవారికీ ఫలితం ఒకటే. సవరణలో ఒక స్థానం ఎటూ తేలకపోతే నాణెం ఎగరేస్తారు.

అప్పట్లో బయటికి ప్రకటించింది ఈ డెలిగేట్ల నిష్పత్తే. ఎంతమంది ఎవరికి మద్దతిచ్చారన్న అసలు తలల లెక్క 2020 వరకు డెమొక్రాట్లు బయటపెట్టలేదు. పార్టీ పనికి, పొరుగువారితో మాట్లాడుకోవడానికి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. దేశమంతా దశాంశ స్థానాల వరకు చూసే అంకెను ఇవ్వడానికి మాత్రం ఇది పుట్టలేదు. అయోవా కాకస్ చరిత్రలో ఆ తర్వాత జరిగిన రభసకు వేరు ఇక్కడే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రిపబ్లికన్ల పద్ధతి సులువు. అభ్యర్థుల తరఫున ఉపన్యాసాలు అయ్యాక చీటీ మీద పేరు రాసి వేస్తారు. రహస్య ఓటే. లెక్క అక్కడికక్కడే, అందరి ముందూ.

ప్రచారం

అయోవా ప్రచారానికి డబ్బు కంటే కాళ్లు ముఖ్యమని అంటారు. ఏటా 99 కౌంటీలూ తిరిగే సెనేటర్ చక్ గ్రాస్లీ పేరు మీద అన్ని కౌంటీలూ చుట్టిరావడాన్ని ‘ఫుల్ గ్రాస్లీ’ అని పిలుస్తారు. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రిక్ శాంటోరమ్ అలా తిరిగే పైకి వచ్చాడు. ఆగస్టులో డిమోయిన్‌లో జరిగే రాష్ట్ర జాతరకు పదకొండు రోజుల్లో పది లక్షల మందికి పైగా వస్తారు. వెన్నతో చెక్కిన నిలువెత్తు ఆవు బొమ్మను చూసి, పుల్లకు గుచ్చిన పంది మాంసం తిని, గడ్డిమోపుల పక్కన నిలబడి మాట్లాడని అభ్యర్థి అరుదు. అక్కడి ‘డిమోయిన్ రిజిస్టర్’ పత్రిక వేదిక మీద 2011లో మిట్ రామ్నీ కార్పొరేషన్లు కూడా మనుషులేనని జవాబిచ్చాడు. ఆ మాటను ప్రత్యర్థులు ఎన్నిక ముగిసేదాకా వదల్లేదు.

మొక్కజొన్న నుంచి తీసే ఇథనాల్‌కు ప్రభుత్వ మద్దతు కావాలా వద్దా అన్నది ఇక్కడ ప్రతి అభ్యర్థికీ ఎదురయ్యే ప్రశ్న. దాన్ని వ్యతిరేకించిన జాన్ మెకెయిన్ 2000లో అయోవాను వదిలేశాడు. 2016లో అదే వైఖరితో వచ్చిన టెడ్ క్రూజ్‌ను ఓడించమని గవర్నరే బహిరంగంగా పిలుపునిచ్చినా క్రూజ్ గెలిచాడు.

గెలుపులు, ఓటములు

అయోవా అధ్యక్షులను తయారుచేస్తుందన్నది సగం నిజం. 1980లో జార్జ్ బుష్ ఇక్కడ రొనాల్డ్ రీగన్‌ను ఓడించినా అభ్యర్థి అయింది రీగనే. 1988లో బుష్, మైకేల్ డుకాకిస్ ఇద్దరూ తమ తమ పార్టీల్లో మూడో స్థానంలో నిలిచి, చివరికి ఒకరితో ఒకరు తలపడ్డారు. 1992లో సొంత రాష్ట్ర సెనేటర్ టామ్ హార్కిన్ బరిలో ఉండటంతో మిగతావారు తప్పుకున్నారు. మూడు శాతం తెచ్చుకున్న బిల్ క్లింటన్ అధ్యక్షుడయ్యాడు. 2004లో ముందున్న హవర్డ్ డీన్ మూడో స్థానానికి జారి, ఆ రాత్రి మద్దతుదారుల హోరులో గొంతు చించుకుని చేసిన ప్రసంగంతో నవ్వులపాలయ్యాడు. హాల్లోని హోరు మైకుకు అందలేదు, టీవీలో వినిపించింది ఆయన కేక ఒక్కటే.

అయోవా తన బలాన్ని పూర్తిగా చూపించింది 2008 జనవరి 3న. జనాభాలో నూటికి తొంభై మందికి పైగా తెల్లవారున్న రాష్ట్రం బరాక్ ఒబామాను సుమారు 38 శాతంతో గెలిపించింది. జాన్ ఎడ్వర్డ్స్, హిల్లరీ క్లింటన్ ముప్పై శాతం దగ్గర ఆగిపోయారు. నాలుగేళ్ల కిందట లక్షా 25 వేలు దాటని డెమొక్రాట్ల హాజరు దాదాపు రెండు లక్షల 39 వేలకు పెరిగింది. నవంబరు నాటికి 18 నిండే పదిహేడేళ్ల పిల్లలు కూడా కాకస్‌కు రావచ్చు, అక్కడికక్కడే పేరు నమోదు చేసుకోవచ్చు. ఒబామా బృందం ఊరూరా ఆఫీసులు తెరిచి కొత్తవారిని రప్పించింది. నల్లజాతి అభ్యర్థికి తెల్లవారు ఓటేస్తారా అన్న సందేహం ఆ రాత్రితో చాలావరకు తీరింది.

లెక్క తప్పిన రాత్రులు

2012లో రిపబ్లికన్లు రామ్నీ ఎనిమిది ఓట్లతో గెలిచాడని ప్రకటించారు. రెండు వారాల తర్వాత ధ్రువీకరించిన లెక్కలో శాంటోరమ్ 34 ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడు. ఎనిమిది చోట్ల ఫలితాలు ఎప్పటికీ దొరకలేదు. అప్పటికే న్యూ హాంప్‌షైర్‌లో గెలిచిన రామ్నీని శాంటోరమ్ ఆలస్యపు విజయం ఆపలేకపోయింది. 2016లో డెమొక్రాట్లలో హిల్లరీకి 49.84 శాతం, బెర్నీ శాండర్స్‌కు 49.59 శాతం. అసలు తలల లెక్క బయటపెట్టమని శాండర్స్ వర్గం పట్టుబట్టింది.

అందుకే 2020లో మద్దతుదారులు సంతకం చేసే కార్డులు వచ్చాయి, మూడు రకాల అంకెలు ప్రకటించాలని నిర్ణయించారు. రాలేనివారి కోసం పారిస్, గ్లాస్గో, జార్జియా దేశంలోని తిబిలిసి నగరాల్లో కూడా సమావేశాలు పెట్టారు. ఫిబ్రవరి 3 రాత్రి ఫలితాలు పంపడానికి సిద్ధం చేసిన ఫోన్ యాప్ మొరాయించింది. ఫోన్ చేసి చెబుదామంటే లైన్లు దొరకలేదు. తెల్లారినా విజేత ఎవరో తెలియలేదు. చివరకు డెలిగేట్ల లెక్కలో పీట్ బూటిజెజ్ వెంట్రుకవాసి ముందు, తలల లెక్కలో శాండర్స్ ముందు. అంకెల్లో పొరపాట్లు కనిపించడంతో అసోసియేటెడ్ ప్రెస్ విజేతను ప్రకటించనేలేదు. రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు రాజీనామా చేశాడు. నాలుగో స్థానంలో ఉన్న జో బైడెన్ అధ్యక్షుడయ్యాడు.

విమర్శలు అప్పటికే చాలా కాలంగా ఉన్నాయి. రాత్రి షిఫ్టు కార్మికులు, పసిబిడ్డల తల్లులు, మంచం దిగలేని వృద్ధులు ఆ వేళకు ఎలా రాగలరు? పొరుగువారి ముందు నిలబడి చెప్పే ఓటులో స్వేచ్ఛ ఎంత? దేశంలో ఇన్ని జాతులు ఉంటే తొలి మాట ఎప్పుడూ ఇంత తెల్ల రాష్ట్రానిదేనా? ఇవి న్యాయమైన ప్రశ్నలే. పేరు తెలియని కార్టర్‌కు, తొలిసారి సెనేటరైన ఒబామాకు ఇళ్ల ముంగిట్లో వినిపించుకునే అవకాశం ఇచ్చింది కూడా ఈ పద్ధతే అన్నది అంతే నిజం. మొదటి అంకం పెద్ద రాష్ట్రాల్లో జరిగితే అలాంటి అభ్యర్థులకు చోటు దొరకడం కష్టం.

2024 నాటికి డెమొక్రాట్లు దక్షిణ కరోలినాను ముందుకు తెచ్చారు. అయోవాలో రిపబ్లికన్లు మాత్రమే తొలి స్థానంలో మిగిలారు. ఆ జనవరి 15న డిమోయిన్‌లో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంది, సుమారు లక్షా 10 వేల మంది వచ్చారు. డొనాల్డ్ ట్రంప్ 51 శాతంతో గెలిచాడు. 98 కౌంటీలు ఆయనవి, విశ్వవిద్యాలయం ఉన్న జాన్సన్ కౌంటీ ఒక్కటి ఒకే ఒక్క ఓటు తేడాతో నిక్కీ హేలీకి దక్కింది. నాలుగో స్థానంలో నిలిచిన వివేక్ రామస్వామి ఆ రాత్రే బరి నుంచి తప్పుకున్నాడు. అదే వేళకు డెమొక్రాట్లు కూడా ఎప్పటిలా కూడారు కానీ, పార్టీ పనులు చూసుకుని ఇళ్లకు వెళ్లారు. అధ్యక్ష అభ్యర్థిపై వాళ్ల అభిప్రాయం తపాలాలో పంపిన కార్డుల ద్వారా తీసుకుని, ఆ ఫలితాన్ని చాలా రాష్ట్రాలు ఓటేసిన మార్చి 5న ప్రకటించారు.