హాకీ స్టిక్కు పట్టిన మన మరాంగ్ గోమ్కే - జైపాల్ సింగ్ ముండా

  

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, దేవరకొండ తండాల నుంచి వచ్చిన మనోళ్లం ఈ సందుల్లోనే ఒక్కో రూంలో నలుగురైదుగురం సర్దుకుని చదువుకుంటున్నాం. మొన్న ఆదివారం మా రూంలో ఒక ముచ్చట వచ్చింది. డిగ్రీలో యూనివర్సిటీ తరఫున పరుగు పందేలకు పోయిన తమ్ముడు ఒకడు తన స్పైక్స్ బూట్లు ఊర్లోనే వదిలేసి వచ్చిండు. ఎందుకురా అంటే "ఆటలతో కడుపు నిండుతదా అన్నా" అన్నడు. పక్కనున్న ఇంకో అన్న "ముందు ఉద్యోగం, సమాజం సంగతి తర్వాత" అన్నడు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కాదనలేం. కానీ ఆ రాత్రి మేమంతా జైపాల్ సింగ్ ముండా గురించి మాట్లాడుకున్నాం. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆయన ఒక్క బిట్టు: 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ కెప్టెన్ ఎవరు? జవాబు టిక్ పెట్టి ముందుకు పోతాం. ఆ బిట్టు వెనక ఉన్న మనిషి మనకు తెలియాలని ఈ పోస్టు.

ఆయన 1903 జనవరి 3న నేటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో, టక్రా అనే ముండా గూడెంలో పుట్టారు. చిన్నప్పుడు పశువులు కాసిన పిల్లవాడే. రాంచీలోని సెయింట్ పాల్స్ స్కూల్లో చేరాక అక్కడి ప్రిన్సిపాల్, పాద్రి కాస్‌గ్రేవ్ ఆ పిల్లవాడి తెలివి చూసి ఇంగ్లండు తీసుకుపోయారు. అక్కడ ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీలో ఎకనామిక్స్ చదివారు. చదువుతూనే యూనివర్సిటీ హాకీ జట్టుకు ఆడి 'బ్లూ' గౌరవం అందుకున్నారు. డిఫెన్స్‌లో ఆడేవారు.

తర్వాత ఐసీఎస్‌కు ఎంపికయ్యారు. ఈ రోజు మనం ఐఏఎస్ అంటే ఎట్లా చూస్తామో, ఆ రోజుల్లో ఐసీఎస్ అంటే అంతకు పది రెట్లు. ఇంగ్లండులో ట్రైనింగ్‌లో ఉండగానే ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్లే భారత జట్టుకు కెప్టెన్‌గా ఉండమని కబురొచ్చింది. సెలవు అడిగితే పైవాళ్లు ఇవ్వలేదు. ఆయన సెలవు లేకుండానే వెళ్లిపోయారు.

ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు అయిదు మ్యాచ్‌లు ఆడింది. 29 గోల్స్ కొట్టింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ధ్యాన్‌చంద్ ఒక్కడే 14 కొట్టాడు. 1928 మే 26న ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించి ఒలింపిక్ హాకీలో దేశానికి మొదటి బంగారు పతకం తెచ్చారు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. జట్టులో వచ్చిన తేడాల వల్ల జైపాల్ సింగ్ ఫైనల్ ఆడలేదు. వైస్ కెప్టెన్ పినిగర్ జట్టును నడిపించాడు. మన మనిషి కదా అని ఆయన ఫైనల్లో కప్పు ఎత్తినట్టు రాసుకోవాల్సిన పని లేదు. ఉన్నది చాలు.

తిరిగొచ్చాక సెలవు లేకుండా పోయినందుకు ఇంకో ఏడాది ట్రైనింగ్ చేయమన్నారు. ఆయన ఐసీఎస్‌నే వదిలేశారు.

తర్వాత కలకత్తాలో బర్మా షెల్ ఆయిల్ కంపెనీలో చేరారు. సొంత వ్యాపారం కాదు గానీ, అప్పటిదాకా తెల్లదొరలకే ఇచ్చిన స్థాయి ఉద్యోగం అది. అక్కడున్నప్పుడూ హాకీ వదల్లేదు, మోహన్ బగాన్ హాకీ జట్టుకు ఆడారు. ఆ తర్వాత ఆఫ్రికాలో, నేటి ఘనాలోని అచిమోటా కాలేజీలో పాఠాలు చెప్పారు. రాయ్‌పూర్ రాజ్‌కుమార్ కాలేజీలో, బికనేర్ సంస్థానంలో పెద్ద పదవులు చేశారు. జీతం, హోదా, బంగళా అన్నీ ఉన్నాయి. అట్లనే ఉండిపోయినా అడిగేవాళ్లు లేరు.

1939 జనవరిలో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడిగా వచ్చారు. సూటు వేసుకున్న ఆ ఆక్స్‌ఫర్డ్ మనిషిని జనం తమవాడిగా తీసుకున్నారు, మరాంగ్ గోమ్కే అని పిలిచారు. పెద్ద నాయకుడని అర్థం. మన దగ్గర కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది ఆ మరుసటి ఏడే, 1940లో. ఒకరిది కొండ మీద తుపాకీ పోరాటం, ఇంకొకరిది సభల్లో మాటల పోరాటం. అడిగింది మాత్రం ఇద్దరూ ఒకటే: మా నేల, మా మాట.

రాజ్యాంగ సభలో 1946 డిసెంబర్ 19న ఆయన మాట్లాడిన మాటలు ప్రతి ఎస్టీ హాస్టల్లో వినబడాలి. 'జంగ్లీ' అని మనల్ని తిట్టే మాటనే ఆయన తన పేరుగా చెప్పుకున్నారు. ఆదివాసీలకు ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అన్నారు. సభలో మగవాళ్లే ఎక్కువున్నారు, ఆడవాళ్లు ఇంకా రావాలని అడిగారు. 'షెడ్యూల్డ్ ట్రైబ్' కాదు, 'ఆదివాసీ' అనే మాటే ఉండాలని కొట్లాడారు. ఆ మాట రాజ్యాంగంలోకి రాలేదు. కానీ అయిదో షెడ్యూల్ మీద జరిగిన చర్చలో మన గొంతుగా నిలబడ్డారు. మన ఏజెన్సీలో భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఆ షెడ్యూల్ నీడలో పుట్టిందే. అది వచ్చిన 1970లోనే, మార్చి 20న ఆయన కన్నుమూశారు.

తప్పులు లేవా? ఉన్నాయి. 1952 ఎన్నికల్లో ఆయన జార్ఖండ్ పార్టీ బీహార్ అసెంబ్లీలో 32 సీట్లు గెలిచింది. 1963లో ఆ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. చాలామంది సొంతవాళ్లే అది నమ్మకద్రోహం అన్నారు. ఆయన కలగన్న రాష్ట్రం 2000 నవంబర్ 15న వచ్చింది, అప్పటికి ఆయన పోయి ముప్పై ఏళ్లు. మనం నాయకుణ్ని దేవుణ్ని చేస్తే ఆయన తప్పుల నుంచి నేర్చుకునేది ఏమీ మిగలదు.

మరి ఇదంతా అమీర్‌పేట రూముల్లో ఉన్న మనకెందుకు? ఐసీఎస్ వదిలేయండి అని చెప్పడానికి కాదు. మనకు ఉద్యోగం కావాలి, ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నారు. కానీ ఆట, ఉద్యోగం, సమాజం ఒకదాని తర్వాత ఒకటి వరుసలో నిలబెట్టేవి కావు. ఆయన ఆటలో నేర్చుకున్న ధైర్యాన్ని సభలోకి తెచ్చారు, కంపెనీలో, సంస్థానంలో నేర్చుకున్న ఇంగ్లీషును, లెక్కను జనం కోసం వాడారు. "తర్వాత" అని పెట్టుకుని ఉంటే ఆ తర్వాత వచ్చేదే కాదు.

మనలో కొందరం ఇప్పటికే చేస్తున్నాం. ఊరి నుంచి పంజాగుట్ట నిమ్స్‌కు వచ్చే మన పేషెంట్లకు ఓపీ చీటీ ఎక్కడ రాస్తారో, ఆరోగ్యశ్రీ కౌంటర్ ఎటో తెలియదు. గోండీ, కోయ, లంబాడీ తప్ప వేరే మాట రాని ముసలివాళ్లు ఉంటారు. వాళ్ల పక్కన నిలబడడానికి, రక్తం ఇవ్వడానికి అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. చదువు పాడవకుండా వారానికి ఒక పూట ఇవ్వొచ్చు. పేర్లు ఇస్తే వంతులు వేసుకుందాం.

ఇంకో పని. మీ గూడెంలో, మీ తండాలో జిల్లాకో, రాష్ట్రానికో ఆడినవాళ్లు ఉంటారు. ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుతుండొచ్చు, ఆటో తోలుతుండొచ్చు. వాళ్లను కలిసి, అడిగి, ఏ ఆట, ఏ ఏడాది, ఎక్కడ ఆడారో రాసి గ్రూపులో పెట్టండి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ పేరు మనకు తెలుసు, పేపర్లు రాశాయి కాబట్టి. మిగతావాళ్ల గురించి మనం రాయకపోతే ఎవరు రాస్తారు?

మా రూం తమ్ముడు ఇంకా ఏం తేల్చుకోలేదు. దసరాకు ఊరికి పోయినప్పుడు బూట్లు తెచ్చుకుంటనేమో అన్నడు. చూద్దాం.

జోహార్ మరాంగ్ గోమ్కే.