మనోవర్తి కేసుల్లో ఆదాయ వెల్లడి: సేద్యపు రాబడికి అఫిడవిట్ చాలునా?

సారాంశం: మనోవర్తి కేసుల్లో ఆస్తి అప్పుల అఫిడవిట్‌ను సుప్రీంకోర్టు 2020లో తప్పనిసరి చేసింది. కాగితం మీదికి ఎక్కని సేద్యపు రాబడి విషయంలో అది ఎంతవరకు పనికొస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. నేపథ్యం

భర్త సంపాదన వివరాలన్నీ అతని దగ్గరే ఉంటాయి. వాటిని రుజువు చేసే బరువు మాత్రం చాలాకాలం భార్య మీదే పడింది. ఒకరు పెంచి, మరొకరు తగ్గించి చెబుతున్నప్పుడు లెక్కలో కొంత ఊహ తప్పదని జస్బీర్ కౌర్ సెహగల్ కేసులో (1997) సుప్రీంకోర్టే ఒప్పుకుంది. ఆ ఊహకు హద్దు గీసింది రజనీష్ వర్సెస్ నేహా తీర్పు (2020 నవంబరు 4). దీని ప్రకారం ఇరుపక్షాలూ అఫిడవిట్ వేయాలి. ప్రతివాదికి 4 వారాల గడువు. మధ్యంతర దరఖాస్తు 4 నుంచి 6 నెలల్లో తేలాలి.

2. నిజమే రాసినా దాగేది

సేద్యగాళ్ల కోసం ఆ తీర్పు వేరే నమూనా ఇచ్చింది. భూమి ఎంత, మాగాణా మెట్టా, ఏ పంట, పశువులెన్ని, అప్పులెంత అని అందులో అడుగుతారు. ఇది మెచ్చదగిన చూపే. అయితే తెలుగు జిల్లాల్లో పట్టా తండ్రి పేరున, సాగు కొడుకు చేతిలో ఉండటం మామూలు. నోటిమాట కౌలు పట్టాదారు పాస్‌పుస్తకంలో కనబడదు. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది కాబట్టి, వేరే రాబడి లేని రైతుకు రిటర్నులూ ఉండకపోవచ్చు. ‘నా పేరున భూమి లేదు’ అని భర్త రాస్తే అది అబద్ధం కాదు; అతని రాబడి మాత్రం కోర్టుకు తెలియదు.

3. అఫిడవిట్ తరువాత

ఈ లోటు పూడ్చే దారులు చట్టంలోనే ఉన్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డరు కింద లిఖిత ప్రశ్నలు వేయవచ్చు, పత్రాలు తెప్పించవచ్చు. మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, ధాన్యం డబ్బు జమైన బ్యాంకు ఖాతా, పంట రుణం, ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు వంటివి పట్టా చెప్పని సాగును చెబుతాయి. ఒకరికే ప్రత్యేకంగా తెలిసిన సంగతిని వారే రుజువు చేయాలన్న సాక్ష్య సూత్రం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 109వ సెక్షన్‌లో ఉంది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 14వ సెక్షన్ సాక్ష్య నిబంధనలను సడలించింది. అయినా 2020 నాటి ఆదేశాలే సరిగా అమలు కావడం లేదని 2023 నవంబరులో అదితి కేసులో సుప్రీంకోర్టు ఆక్షేపించి, ఆ తీర్పును మళ్లీ పంపిణీ చేయించింది.

4. ముగింపు

జీతగాడి కేసులో అఫిడవిట్ చాలా వరకు సమాధానమిస్తుంది. రైతు కేసులో అది విచారణకు మొదలు మాత్రమే. కాబట్టి సేద్యపు నమూనాలో ‘ఎవరి పేరున’ అన్న ప్రశ్న పక్కనే ‘ఎవరు సాగు చేస్తున్నారు, అమ్మిన డబ్బు ఎవరికి చేరుతోంది’ అన్న ప్రశ్నలు చేర్చాలి. జవాబు దాటవేసిన పక్షానికి ప్రతికూలంగా నిర్ధారణకు రావడానికి కోర్టు వెనకాడకూడదు.