నిరీక్షణమా, ప్రేరణమా? — ఒక ప్రసవోపాయ చరిత్ర

నెలలు నిండినవి. వైద్యులు చెప్పిన దినము దాటిపోయినది. నొప్పులు మాత్రము రాలేదు. అట్టి సమయమున ఇంటిల్లిపాదికి ఒకటే చింత: ఇంకను వేచియుండవలెనా, లేక ఏదైన ఉపాయముచేత ప్రసవమును త్వరపెట్టవలెనా? నేటి వైద్యులు ఈ సందర్భమున సూచించు ఉపాయములలో ఒకటి చూపునకు కడు స్వల్పమైనది. అందు మందు లేదు, శస్త్రము లేదు. వైద్యురాలుగాని, శిక్షణ పొందిన మంత్రసానిగాని చేతొడుగు ధరించి, వ్రేలిని గర్భాశయ ముఖములోనికి పోనిచ్చి, ఉమ్మనీటి సంచి పొరలను గర్భాశయపు గోడనుండి చుట్టును మెల్లగా విడదీయుదురు. పని కొద్ది నిమిషములలో ముగియును. అయినను ఈ చిన్న పనికి రెండువందల సంవత్సరములకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర కేవలము చేతి నేర్పునకు సంబంధించినది కాదు. నిర్ణయాధికారము ఎవరిదను ప్రశ్నయు అందు ఇమిడియున్నది.

కథ 1756 ప్రాంతమున లండను నగరమున మొదలగుచున్నది. ఆ దినములలో కటివలయము మిక్కిలి ఇరుకైన స్త్రీకి నిండు నెలల కాన్పు ప్రాణగండము. కడుపు కోసి బిడ్డను తీసినచో తల్లి బ్రతుకుట అరుదు. తల్లిని దక్కించుకొనవలెనన్న బిడ్డను గర్భమునందే ఛేదింపవలసి వచ్చెడిది. నెలలు నిండకమునుపే నొప్పులు తెప్పించినచో, ఇంకను చిన్నదిగానున్న శిశువు ఆ ఇరుకు మార్గమును దాటి బ్రతుకవచ్చునని కొందరు యోచించిరి. ఇది ధర్మసమ్మతమా యని లండనులోని ప్రముఖ వైద్యులు కూడి చర్చించి, ఆమోదించిరని థామస్ డెన్మన్ తన ప్రసూతిశాస్త్ర గ్రంథమున తెలిపెను. ఆ పద్ధతిని మొదట మెకాలే యను వైద్యుడు జయప్రదముగా నిర్వహించెను. సభ తీర్చినవారు వైద్యులు. ఎవరి ప్రాణమును గూర్చి చర్చ జరిగినదో ఆ స్త్రీలు కారు.

నాటి ఆంగ్ల వైద్యుల పద్ధతి సంచిని చీల్చి ఉమ్మనీటిని వెడలించుట. అందొక దోషము కలదు. నీరు పోయిన తరువాత నొప్పులు ఆలస్యమైనచో బిడ్డకు రక్షణ తగ్గును, తల్లికి జ్వరభయము పెరుగును. వెనుకకు మరలుటకు దారి లేదు. 1810లో ఎడింబరో విశ్వవిద్యాలయమున ప్రసూతిశాస్త్రాచార్యుడైన జేమ్స్ హామిల్టన్ సంచిని చీల్చక, పొరలను మాత్రము విడదీయు మార్గమును వర్ణించెను. ఇది మెత్తని మార్గమే. కాని అప్పటికి సూక్ష్మక్రిముల జ్ఞానము లేదు, చేతొడుగులు లేవు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ వైద్యులచేత సున్నపు క్లోరిన్ ద్రవముతో చేతులు కడిగించినది 1847లో. అంతవరకు ఏ పరీక్షకైనను లోపలికి పోయిన వ్రేలే బాలింత జ్వరమును మోసికొనిపోగలిగెడిది.

మరి వేచియుండుటయే క్షేమమా? 1817లో ఇంగ్లండు దేశము ఈ ప్రశ్నకు కన్నీటితో సమాధానము వెదకుకొనవలసి వచ్చెను. మూడవ జార్జి రాజునకు నాడు ధర్మ్యసంతతిలో ఏకైక పౌత్రియైన షార్లట్ రాజకుమారికి గడువు దాటి రెండు వారములైనది. నవంబరు 3వ తేదీ సాయంకాలము నొప్పులు ఆరంభమై, 50 గంటల తరువాత మృతశిశువు జన్మించెను. కొద్ది గంటలకే, 6వ తేదీ తెల్లవారక పూర్వమే, ఆమెయు కన్నుమూసెను. ఆమె వయస్సు 21 సంవత్సరములు. చికిత్స చేసిన సర్ రిచర్డ్ క్రాఫ్ట్ పైని చెప్పిన డెన్మన్‌కు అల్లుడు. ప్రకృతి కార్యమును ప్రకృతికే విడువవలెనను మామగారి బోధనను పాటించి, ఆయన పట్టుకారును వాడలేదు. 1818 ఫిబ్రవరిలో మరొక కాన్పునకు వెళ్లియున్నపుడు ఆయన తుపాకితో ప్రాణము తీసికొనెను. ముందుగా నొప్పులు తెప్పించియున్నచో రాజకుమారి బ్రతికెడిదని ఎవరును రూఢిగా చెప్పజాలరు. అయితే వేచియుండుటయు ఒక నిర్ణయమేయనియు, దానికిని ఫలితములు కలవనియు ఈ విషాదము తెలుపుచున్నది.

ఇరువదవ శతాబ్దమున మందులు వచ్చినవి. పిట్యూటరీ గ్రంథిసారము గర్భాశయమును సంకోచింపజేయునని 1906లో హెన్రీ డేల్ కనుగొనెను. అందలి ఆక్సిటోసిన్‌ను 1953లో డు విన్యో ప్రయోగశాలలో నిర్మించి, 1955లో నోబెల్ బహుమానము పొందెను. హామిల్టన్ మార్గము ఏల పనిచేయునో కూడ తరువాత తెలియవచ్చినది. పొరలు విడినపుడు ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములు వెలువడి, గర్భాశయముఖమును మెత్తపరచి, నొప్పులకు త్రోవ తీయును.

ఇక దాని ప్రయోజనమెంత? ప్రయోగ ఫలితములను క్రోడీకరించిన 2005 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారము, ఎనిమిదిమందికి ఈ పని చేసినచో ఒకరికి మందులతో నొప్పులు తెప్పించు అవసరము తప్పును. 44 ప్రయోగములను పరిశీలించిన 2020 సమీక్షలోను, నొప్పులు వానియంతట అవి వచ్చుటకు ఇది కొంత తోడ్పడునని తేలినది. శస్త్రచికిత్సతో కాన్పు చేయవలసిన సందర్భములు మాత్రము తగ్గినట్లు కనబడలేదు. అప్పటికి నొప్పి, బాధ, కొంచెము రక్తము కనబడుట, ప్రసవమునకు దారితీయని వట్టి నొప్పులు ఇందలి కష్టములు. మాయ గర్భాశయ ముఖమునకు అడ్డుపడియున్నపుడు ఈ పని కూడదు. లాభము కలదు, కాని స్వల్పము. కష్టము కలదు, అదియు సాధారణముగా స్వల్పమే. ఇట్టి చోట తక్కెడను పట్టుకొనవలసినది ఎవరు?

దీనికి సమాధానము హామిల్టన్ పుట్టిన స్కాట్లండునుండియే వచ్చినది. మధుమేహముగల ఒక పొట్టి తల్లికి, సహజ కాన్పులో బిడ్డ భుజములు చిక్కుకొను అపాయము కలదని ముందుగా చెప్పలేదు. 1999లో బిడ్డ తీవ్రహానితో జన్మించెను. మాంట్‌గొమరీ కేసను పేర ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యమున, అపాయములను, ఇతర మార్గములను తెలిపి, నిర్ణయమును ఆమెకే విడుచుట వైద్యుని విధియని బ్రిటిషు సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పెను. 39 వారములు నిండిన తరువాత ఈ విషయమును గర్భిణితో చర్చించి, ఆమె కోరినచో, నోటిమాటగా సమ్మతి పొందిన పిమ్మటనే పొరలు విడదీయవలెనని 2021లో ఇంగ్లండు వైద్య ప్రమాణ సంస్థ నిర్దేశించినది.

కావున నెలలు నిండిన తల్లి అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. గడువు దినమును ఎట్లు లెక్కించిరి? నేను వేచియున్నచో బిడ్డను ఎట్లు కనిపెట్టియుందురు? 41 వారములు దాటినచో ఏమి చేయుదురు? ఈ పని నేడు వలదన్నచో రేపు మరల అడుగవచ్చునా? సాధారణ పరీక్ష యని చెప్పి, చెప్పకయే పొరలను కదల్చుట నేటి ధర్మమునకు విరుద్ధము. 1756 నాటి సభలో స్త్రీకి స్థానము లేకపోయినది. నేడు ఆ సభ ప్రతి పరీక్షా గదిలోను జరుగుచున్నది. అందు మొదటి మాటయు, చివరి మాటయు ఆమెవే కావలెను.