చిక్కపేటకు సరుకు వచ్చిన దారి

పెళ్లి బట్టలకని బెంగుళూరు చిక్కపేటకు వెళ్లని కుటుంబం మన సరిహద్దు జిల్లాల్లో అరుదు. ఈసారి వెళ్లినప్పుడు అంగళ్లతోపాటు ఆ వీధుల వెడల్పు కూడా చూడండి. అవి లారీల కోసం వేసిన వీధులు కావు.

1537లో కెంపేగౌడ దొడ్డపేట, చిక్కపేట కలిసేచోట నాలుగు నాగళ్లు కట్టించి నాలుగు దిక్కులా దున్నించాడనీ, ఆ చాళ్లే పేట వీధులయ్యాయనీ చెబుతారు. కథ మాటెలా ఉన్నా, ఆ వీధుల కొలత మాత్రం ఎద్దుదే. బియ్యానికి అక్కిపేట, దూదికి అరళెపేట, గాజులకు బళేపేట. 1800లో ఇక్కడికి వచ్చిన ఫ్రాన్సిస్ బుకానన్ ఈ ఊరి వ్యాపారాన్ని లెక్కగట్టింది కూడా ఎద్దుమోతల్లోనే. మన పెద్దలు పెరికెద్దులనేవారే, అవే!

1864లో జోలార్‌పేట నుంచి కంటోన్మెంటుకు రైలు వచ్చింది. తర్వాత పేట పక్కకే స్టేషను వచ్చింది. దూరం రైలుది, చివరి మైలు ఎద్దుబండిది అయింది. బొగ్గుపొగ లేదని కాదుగానీ, ఇంతకంటే తెలివైన ఏర్పాటు నాకు కనబడదు.

లారీ ఈ ఏర్పాటును మార్చింది. ఎక్కడా దించి ఎక్కించే పని లేకుండా మూట అంగడి దాకా వస్తుంటే వర్తకుడు కాదంటాడా? కానీ ఇరుకు సందులో ఆగి ఆగి కదిలే బండి, కదలకుండానే డీజిలు తాగుతుంది. ఆ పొగ పీల్చేది హమాలీ, అంగట్లో పనిచేసే కుర్రవాడు. తిరుగు ప్రయాణంలో బాడుగ దొరక్కపోతే ఖాళీగా పోయే లారీ కూడా డీజిలు కాలుస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త లారీలకు బి.ఎస్.6 నిబంధన వచ్చింది, మంచిదే. అయితే పాత బండ్లు ఒక్కరోజులో మాయం కావుగదా.

అదే సంవత్సరం ఆగస్టు 30న, బెంగుళూరు శివారు నెలమంగల నుంచి షోలాపూరు దగ్గరి బాళె దాకా, సరుకుతో ఉన్న లారీలనే రైలు మీద ఎక్కించి పంపారు. సుమారు 680 కిలోమీటర్లు. మన ధర్మవరం, గుంతకల్లు మీదుగానే. ఆ దూరమంతా లారీల ఇంజన్లు ఆగే ఉంటాయి. దూరం మళ్లీ రైలుకు అప్పగించారన్నమాట.

మిగిలింది చివరి మైలు. పేట వీధుల్ని వెడల్పు చేయాలంటే పేటనే కూల్చాలి. అందుకని పెద్ద బండి బయటే ఆగాలి, లోపలికి బ్యాటరీ బండో తోపుడుబండో రావాలి. 2017లో చిక్కపేటకు మెట్రో వచ్చింది. మనుషులు భూమి కిందుగా వస్తున్నారు. చీరల మూటలు మాత్రం ఇంకా ఆ పాత చాళ్ల వెంటే, హమాలీల వీపుల మీద కూడా, లోపలికి పోతున్నాయి.