సర్వేపల్లి వారు

ఇంకో రెండు పుల్లలు ఎగదోసి కూర్చో అబ్బయ్యా. సర్వేపల్లి అనే ఇంటిపేరు మన జిల్లాలో ఇంత తక్కువ వినిపిస్తుందేమని అడిగావు గదా, చెప్తా విను.

సర్వేపల్లి ఎక్కడో లేదు. నెల్లూరుకు దక్షిణంగా, వెంకటాచలం మండలంలో ఉంది. పెన్నా నీళ్ళు సర్వేపల్లి కాలవలో పారి ఆ మాగాణులు తడుపుతాయి. మొలకొలుకులనే వడ్లు పండిన నేల అది. మనిషెత్తు పెరిగే పైరు, ఆరు నెలల పంట. గింజ బరువెక్కేసరికి నిలబడలేక చేనంతా ఒక పక్కకు వాలిపోయేది. నడుములు విరిగేట్టు వంగి కోసేవాళ్ళు. ఆ అన్నం తిన్న నోటికి ఇప్పటి బియ్యం ఏం రుచిస్తాయిరా!

ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఎవర్నీ సర్వేపల్లోళ్ళు అనరు. అందరూ ఆ ఊరివాళ్ళే గదా! ఊరు దాటి ఇంకోచోట కాపురం పెట్టినప్పుడు, అక్కడి జనం 'ఎవరు వీళ్ళు' అంటే 'సర్వేపల్లి నుంచి వచ్చినోళ్ళు' అంటారు. మనవల నాటికి అదే ఇంటిపేరై కూర్చుంటుంది. ఊరి పేర్లతో ఉన్న మన ఇంటిపేర్లు చాలావరకు ఇట్లా వలస పోయిన వాళ్ళవే. ఆ ఊరి నుంచి ఏ కులం వాళ్ళు కదిలినా ఆ పేరే పడొచ్చు. కాబట్టి పేరు కలిసిందని చుట్టరికం కలుపుకోకూడదు, గోత్రం అడగాల.

అట్లా కదిలిన ఒక కుటుంబం తిరుత్తణి చేరింది. ఆ ఇంట్లో వీరాస్వామి గారికి 1888 సెప్టెంబరు 5న పుట్టినాయనే మన రాధాకృష్ణన్ గారు. తిరుత్తణి అప్పుడు ఉత్తర ఆర్కాటులో ఉండేది, 1911లో చిత్తూరు జిల్లాలోకి వచ్చింది, 1960లో పటాస్కర్ సరిహద్దు తీర్పుతో మద్రాసు రాష్ట్రానికి పోయింది. జిల్లా మారింది, రాష్ట్రం మారింది, ఆ ఇంటిపేరు మాత్రం చెక్కుచెదరలేదు. అరవదేశంలో పేరు ముందుండే అక్షరం తండ్రిది. ఈయన పేరు ముందున్న 'ఎస్' వీరాస్వామి గారిది కాదు, మన సర్వేపల్లిది! కలకత్తాలో పాఠం చెప్పినా, ఆక్స్‌ఫర్డులో చెప్పినా, 1962లో రాష్ట్రపతి అయినా మన నెల్లూరు పల్లె ఆ ఒక్క అక్షరంలో ఆయన వెంటే ఉంది. నాకది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మరి ఆ పేరు ఎందుకు విస్తరించలేదంటావా? ఆయనకు ఐదుగురు ఆడపిల్లలు, ఒక్క మగపిల్లవాడు. ఆ కొడుకే సర్వేపల్లి గోపాల్, నెహ్రూ గారి జీవితాన్ని మూడు సంపుటాలుగా రాసిన చరిత్రకారుడు. కూతుళ్ళు మెట్టినింటి పేర్లలో కలిసిపోయారు. క్రికెట్ ఆడిన వి.వి.ఎస్. లక్ష్మణ్ లేడూ, ఆయన రాధాకృష్ణన్ గారికి మునిమనవడి వరస. ఇంటిపేరేమో వంగిపురపు. చుట్టరికం ఉంది, పేరు లేదు. ఇప్పుడు సర్వేపల్లి పేరు నెల్లూరు, చిత్తూరు వైపు, మద్రాసులో, హైదరాబాదులో అక్కడక్కడా వినిపిస్తుంది. అమెరికా పోయిన వాళ్ళకైతే ముందుండాల్సిన ఇంటిపేరు చివరికి చేరింది. సర్వేపల్లి వాళ్ళెంతమందో నిజంగా లెక్క తియ్యాలంటే మగవాళ్ళ కాగితాలు చూస్తే చాలదబ్బయ్యా, ప్రతి ఇంటి కోడలినీ పుట్టింటి పేరు అడగాల.